ఆ రేడియేటర్లో ఉప్పు లేదు

ఉప్పునీళ్ళ కథ మీలో చాలామంది వినే ఉంటారు. విశాఖపట్నంలో డీజిల్ బండ్ల పని నేర్చుకున్నవాళ్ళు, ముఖ్యంగా ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల షెడ్లలో నేర్చుకున్నవాళ్ళు తప్పకుండా విని ఉంటారు. ఒక డ్రైవరు చేపల ఐసు కరిగి కారిన నీళ్ళు పట్టి పాత పికప్ రేడియేటర్లో పోశాడనీ, లోపలంతా ఉప్పు పేరుకుని సింహాచలం ఘాట్‌రోడ్డు మీద ఇంజను పట్టేసిందనీ ఆ కథ. రేడియేటర్లో ఏ నీళ్ళు పోయాలో, ఏవి పోయకూడదో నేర్పేటప్పుడు మేస్త్రీలు ఇప్పటికీ చెబుతారట. నవ్వొచ్చే కథ. ఒకసారి వింటే మరిచిపోరు.

ఆ కథ మొదలుపెట్టింది నేనే. అందులో పికప్ నిజం. కొండ నిజం. ఇంజను పట్టేయడం నిజం. కారణం మాత్రం అబద్ధం. షెడ్డు మూసేసి, పానాలు తమ్ముడి కొడుక్కి ఇచ్చేసి, ఇంట్లో కూర్చున్నాక ఇది రాస్తున్నాను. పని చేసిన రోజుల్లోనే రాయాల్సింది.

తొంభైల్లో నేను హార్బరు దగ్గర ఒక ఓనరు షెడ్డులో హెడ్ మేస్త్రిని. మాది ఎలమంచిలి అవతల పల్లె. పొలం పనికి ఇంట్లో అన్నదమ్ములు చాలినంత ఉండటంతో నేను పట్నం వచ్చి పానా పట్టాను. ఓనరుది ఐసు, చేపల రవాణా. బండ్లన్నీ ఆయన ఎవరి దగ్గరో పాతవి కొన్నవే. మా షెడ్డులో బండ్ల సొట్టలు తీసే టింకరింగ్ పని చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరం మావా అనేవాళ్ళం. ఆయన సుత్తి కంటే నోరు ఎక్కువ మోగేది.

పికప్ నడిపేవాడు జాలరి కుటుంబంవాడు. వాళ్ళింట్లో సముద్రం వదిలి స్టీరింగు పట్టిన మొదటి మనిషి. తండ్రి, అన్నలు అందరూ వేటకెళ్ళేవాళ్ళే. డ్రైవరు ఉద్యోగం దొరికినప్పుడు వాళ్ళ పేటలో అదొక పెద్ద విషయం. తెల్లారేసరికి హార్బరులో చేపల పెట్టెలు ఎక్కించుకుని పూర్ణా మార్కెట్‌కి, వారంలో కొన్నిసార్లు ఎలమంచిలి వరకూ వెళ్ళొచ్చేవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు.

బండి దగ్గర అతని శ్రద్ధ చూసి మావ ఆటపట్టించేవాడు.

"సముద్రంలో అయితే ఇంజను సల్లబడ్డానికి సుట్టూ నీల్లే. ఇక్కడ డబ్బాడు నీల్లకి తిప్పలు పడతన్నావు కదరా."

"సముద్రంలో మీలాంటి మేస్త్రీలు దొరకరు కదా మావా. అందుకే బోట్లు సక్కగా నడుత్తన్నాయి," అనేవాడు అతను.

మావ పడీ పడీ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ రోజుల్లో అతని మాటలకి నేను ఇష్టంగా నవ్వగలిగేవాణ్ణి.

ఒక వేసవిలో ఆ పికప్ వాటర్ పంపు కారడం మొదలుపెట్టింది. పంపు మార్చాలంటే ముందు ఫ్యాను విప్పాలి. మామూలుగా అయితే గంటన్నర పని. ఆ రోజు బోట్లు బాగా చేపతో వచ్చాయి. ఓనరు షెడ్డు గుమ్మంలోనే నిలబడి, "ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు" అంటున్నాడు. కొత్త పంపు బిగించాను, ఫ్యాను పెట్టాను, బెల్టు వేశాను, నీళ్ళు పోశాను, బండి పంపేశాను. నా పని వేగం చూసి ఓనరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నాకింకా గుర్తుంది.

ఆ ఫ్యానుకి రెండు ముఖాలు. ఒకటి ఇంజను వైపు, ఒకటి రేడియేటర్ వైపు ఉండాలి. కానీ బోల్టు రంధ్రాలు ఎటు పెట్టినా సరిపోతాయి. ఏ ముఖం ఎటుండాలో తెలిపే అచ్చు అక్షరాలు ఎప్పుడో గ్రీజు కింద కప్పబడిపోయాయి. తిరగేసి పెట్టినా ఫ్యాను గాలిని అటువైపే లాగుతుంది, కాకపోతే చాలా తక్కువ లాగుతుంది. చెయ్యి పెట్టి చూస్తే గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. హైవే మీద బండి వేగానికి ఎదురుగాలే రేడియేటర్ని చల్లబరుస్తుంది. ఫ్యానుతో నిజంగా పనిపడేది బండి నత్తలా పాకేటప్పుడు, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు.

వారం తిరక్కుండానే అతను వచ్చాడు.

"బావా, ఏడి ముల్లు ఎక్కీస్తంది. ఎలమంచిలి ఎల్లొచ్చినప్పుడు ఏటీ లేదు. పూర్ణా మార్కెట్ సందులోకి ఎల్తే సాలు, ఉడికిపోతంది."

ఇప్పుడు చదువుతుంటే మీకు జవాబు తెలిసిపోయి ఉంటుంది. నాకూ తెలియాల్సింది. నేను అన్నీ చూశాను. రేడియేటర్ రెక్కల మధ్య ఐసు దిమ్మల మీద చల్లే రంపపు పొట్టు ఇరుక్కుని ఉంటే వెనక నుంచి నీళ్ళు కొట్టి కడిగాను. మూత రబ్బరు పాతబడిందని కొత్త మూత వేశాను. బెల్టు బొటనవేలితో నొక్కి చూసి బిగించాను. అయినా తగ్గలేదు. అప్పుడు ఆ రోజుల్లో మా అందరి చివరి మందు వాడాను. థర్మోస్టాట్ పీకి పారేశాను. ఇంజను వేడెక్కేవరకూ నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు అది. అది తీసేస్తే ఇంజను ఎప్పుడూ చల్లగా ఉంటుందని మా నమ్మకం. నిజానికి పొద్దుటి హైవే ప్రయాణంలో ఇంజను కావలసినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగింది. సందుల్లో మాత్రం మునుపటిలాగే ఉడికింది. డీజిల్ ఎందుకు ఎక్కువవుతోందని ఓనరు అడిగితే, "నడిపే కాలును బట్టి ఉంటాది" అన్నాను. ఓనరు ఆ తరవాత డ్రైవరు వైపు వేరేగా చూడటం మొదలుపెట్టాడు.

ఇన్ని చూసినవాణ్ణి ఫ్యాను ఎందుకు చూడలేదని మీరు అడగొచ్చు. అది నేను బిగించింది కాబట్టి. వేరేవాడు బిగించి ఉంటే మొదట అక్కడే చెయ్యి పెట్టేవాణ్ణి. పని తెలిసినవాడికి ఉండే గుడ్డితనం ఇది. మీకు కూడా వస్తుంది.

ఈ మధ్యలోనే అతను ఆ నీళ్ళు పోశాడు. పూర్ణా మార్కెట్లో ముందు రిక్షా, వెనక లారీ, మధ్యలో ఇరుక్కుని బండి పొగలు కక్కుతోంది. డబ్బాలో నీళ్ళు అయిపోయాయి. దుకాణాల వాళ్ళు తాగేనీళ్ళు ఇవ్వలేదు. బండి వెనక తలుపు సందు నుంచి ఐసు కరిగి ధారగా కారుతోంది. ఇంజను కాస్త చల్లారాక ఆ నీళ్ళే డబ్బాలో పట్టి పోశాడు. ఈ సంగతి నాకు ఎలా తెలుసు? షెడ్డుకి రాగానే అతనే చెప్పాడు.

"తప్పేటి బావా? ఐసు నీల్లే కదా అని పోసీసేను."

"సేపల నీల్లురా అవి. ఉప్పు ఉంటాది. ఇంకెప్పుడూ పొయ్యకు," అన్నాను. వెంటనే మొత్తం ఖాళీ చేయించి, మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగించాను. అక్కడితో అయిపోయింది. ఒక్కసారి పోసి, అదే రోజు కడిగేసిన నీళ్ళు ఏ ఇంజనునీ చంపవు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

ఇక ఆ రోజు. సింహాచలం కొండ మీద పండగ జనం. పైనున్న కూల్‌డ్రింకు దుకాణాలకి ఐసు పంపాలి. ఓనరు పికప్‌లో దిమ్మలు ఎక్కించమన్నాడు. డ్రైవరు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఓనరు అక్కడే ఉన్నాడు.

"బావా, ఈ బండి కొండకి వద్దు. బస్సుల ఎనకాల పాక్కుంటా ఎల్లాలి. ఎక్కదు ఇది. ఇంకో బండి పంపించమని సెప్పు."

నేను ఓనరు ముఖం చూశాను. నెల రోజులుగా అదే బండి మీద పని చేసి, ఇంకా బాగవలేదని చెప్పాలి. చెప్పలేకపోయాను.

"బండికేటీ లేదు," అన్నాను. "బండి భయపడదు. నడిపినోడికే భయం."

మావ పక్కనుంచి, "సముద్రంలో తుపానుకి భయపడనోడు కొండకి భయపడతాడేటి," అన్నాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఘాట్‌రోడ్డు మధ్యలో, పైకి వెళ్ళే బస్సుల వరుస వెనకాల ఇంజను పట్టేసింది. ఆపడానికి చోటు లేదట. పోలీసు ముందుకు నడవమని కర్ర ఊపుతున్నాడట. వెనక బస్సులో భక్తులు దిగి తిట్టారట. చివరికి వాళ్ళే బండిని అంచుకి నెట్టారు. ఐసంతా కరిగి రోడ్డు మీదుగా కిందికి పారింది. ఇదంతా తరవాత అతను చెప్పిందే. నేను చూసింది, సాయంత్రం లారీకి తాడు కట్టి ఈడ్చుకొచ్చిన పికప్‌నీ, దాని స్టీరింగు దగ్గర కూర్చున్న అతన్నీ.

ఇంజను విప్పడం మొదలుపెట్టాను. ఓనరు, మావ, అతను చుట్టూ నిలబడ్డారు. రేడియేటర్ దించాను. దాని వెనక ఫ్యాను పూర్తిగా కనబడింది. రెక్కల వంపు నాకేసి చూస్తోంది. నాకేసి చూడకూడదు. ఆ క్షణంలోనే అర్థమైపోయింది. పంపు మార్చిన రోజు, గుమ్మంలో ఓనరు, నా తొందర, ఆ మెప్పు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

నేను చేసిన మొదటి పని, జేబులో గుడ్డ తీసి ఫ్యాను మీద వేయడం. చేతులు తుడుచుకున్నట్టుగా వేశాను.

"ఏటయ్యింది మేస్త్రీ?" అన్నాడు ఓనరు.

రేడియేటర్ గొట్టం మూతిలో వేలు పెట్టి తిప్పాను. వేలికి తెల్లగా అంటుకుంది. అది మా షెడ్డు బోరునీళ్ళ గార. నేనే రోజూ ఆ బోరునీళ్ళు అన్ని బండ్లకీ పోసేవాణ్ణి. ఏ బండిలో వేలు పెట్టినా ఆ తెలుపే వచ్చేది. ఆ వేలు ఎత్తి ఓనరుకి చూపించాను.

"ఉప్పు," అన్నాను.

ఓనరు డ్రైవరు వైపు తిరిగాడు. "ఏ నీల్లు పోసేవురా?"

అతను తల దించుకున్నాడు. "ఒక్కసారే బాబూ. మార్కెట్లో. ఐసు నీల్లు పోసేను. బావకి సెప్పేను కూడా."

నేను మాట్లాడాల్సింది అక్కడ. ఆ నీళ్ళు ఆ రోజే కడిగేశామని ఒక్క మాట అంటే చాలు. ఫ్యాను సంగతి చెప్పకపోయినా, ఆ ఒక్క మాటతో అతను బతికిపోయేవాడు. అతను నా వైపే చూస్తున్నాడు, నేను ఆ మాట అంటానని.

"సెప్పేవు," అన్నాను. "పోసీసిన తరవాత సెప్పేవు."

ఓనరు చెయ్యి చాచాడు. అతను తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. పెట్టేముందు దాన్ని చొక్కాకి తుడిచాడు. ఎందుకు తుడిచాడో నాకు తెలియదు. తన తప్పేనని నమ్మేశాడు. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు.

ఇంజను కొత్త పిస్టన్లతో మళ్ళీ కట్టాను. ఫ్యాను ఈసారి సరిగ్గా పెట్టాను. థర్మోస్టాట్ కూడా కొత్తది వేశాను. బండి ఎంత ఎండలోనూ చల్లగా నడిచింది, డీజిల్ కూడా తగ్గింది. కొత్త డ్రైవరుకి ఒక్క ఫిర్యాదూ లేదు. దానితో నా అబద్ధానికి రుజువు కూడా దొరికింది. "సూసేరా, మనిషి మారేడు, రోగం పోయింది," అన్నాడు ఓనరు.

అతనికి 'ఉప్పునీళ్ళు' అని పేరు పెట్టింది మావ. కానీ ఆ పేరుకి కథ కట్టింది నేను. టీ బడ్డీ దగ్గర మొదటిసారి చెప్పినప్పుడు భయపడుతూ చెప్పాను. జనం నవ్వారు. రెండోసారి ఇంకొంచెం కలిపాను. రేడియేటర్లోంచి పొలుసులు రాలాయన్నాను. కొన్నాళ్ళకి ఆ కథ నాకే నిజంలా అనిపించేది. హార్బరులో అతన్ని అసలు పేరుతో పిలవడం అందరూ మానేశారు.

అతను ఇంకో రవాణా వాళ్ళ దగ్గర డ్రైవరు పనికి వెళ్ళాడు. వాళ్ళు నన్ను అడిగారు, మనిషి ఎలాంటివాడని. "మనిషి మంచోడే," అన్నాను. మనిషి అన్న మాట దగ్గర కొంచెం ఒత్తాను. వాళ్ళకి అది చాలింది. ఆ తరవాత అతను ఎక్కడా డ్రైవరు పని అడగలేదు. వాళ్ళ అన్నల బోటు మీద కలాసీగా వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇల్లు గడవలేదని కాదు, గడిచింది. కానీ అతను సముద్రం వద్దనుకుని బయటికి వచ్చిన మనిషి.

తరవాత నేను సొంత షెడ్డు పెట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటాక బండ్లకి నీళ్ళ బదులు రంగు కూలెంట్ పోయడం మొదలైంది. దాని గురించి మెకానిక్కులకి చెప్పే సమావేశాలకి నన్ను పిలిచేవాళ్ళు. నేను ఉప్పునీళ్ళ కథతో మొదలుపెట్టేవాణ్ణి. మంచి మేస్త్రినని నాకొచ్చిన పేరులో ఆ కథకి కూడా వాటా ఉంది.

ఒకరోజు నా షెడ్డు ముందు ఏదో బోటు ఇంజను భాగం బాగు చేస్తూ నలుగురికి ఆ కథ చెబుతున్నాను. పొలుసుల దగ్గరికి వచ్చాను. వెనక నుంచి ఒక గొంతు, "ఒక సిన్న రొయ్య కూడా వచ్చినాదని సెప్పు బావా," అంది. అతనే. ఆ బోటు వాళ్ళతో వచ్చి డీజిల్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. అతనూ నవ్వాడు. కడుపు మంటతో నవ్విన నవ్వు కాదు అది. తన తెలివితక్కువతనం మీద తనే నవ్వుకోవడం అలవాటైన మనిషి నవ్వు.

నేను కథ పూర్తి చేయలేకపోయాను. పని ఉందని లోపలికి వెళ్ళిపోయాను. మళ్ళీ ఆ కథ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటమే పెద్ద మంచిపని అనుకుంటూ ఇంకా కొన్నేళ్ళు గడిపేశాను. అదీ సిగ్గుపడాల్సిన సంగతే.

చివరికి ఒక పొద్దున హార్బరుకి వెళ్ళాను. అతను జెట్టీ పక్కన వల బాగుచేస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చుని చెప్పేశాను. పంపు మార్చిన రోజు నుంచి, ఫ్యాను మీద గుడ్డ వేసినదాకా, వేలి మీద గార దాకా. అతను వల కుట్టడం ఆపలేదు. అంతా విన్నాక అడిగాడు.

"ఫ్యానా?"

"ఫ్యానే. నేనే తిరగేసి పెట్టేను."

"అయితే ఆ రోజు నాను గేరు తప్పు ఎయ్యలేదా?"

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు.

"ఘాటీలో సెకండులో పట్టుకున్నాను. ఫస్టులో ఎల్లుంటే ఎక్కునేమో అని. మలుపు దగ్గర కొంచెం ఆపుంటే సరిపోయేదేమో అని. వేటకెల్లినప్పుడు పని లేకపోతే అదే ఆలోసిత్తాను బావా. ఎన్ని రకాలుగా ఎక్కించేనో ఆ కొండ."

"ఎలగ నడిపినా ఎక్కదు. నీ తప్పు ఏటీ లేదు," అన్నాను.

అతను వల పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. లేచి, "రా," అన్నాడు. నన్ను టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మావ అక్కడే ఉన్నాడు, బాగా ముసలివాడైపోయాడు. పాత షెడ్డు వాళ్ళూ, బోటు వాళ్ళూ ఓ పదిమంది ఉన్నారు.

"సెప్పు," అన్నాడు అతను.

చెప్పాను. ఏదీ దాచకుండా చెప్పాను. మావ మొత్తం విన్నాడు. విని, టీ గ్లాసు కింద పెట్టి, నా భుజం తట్టాడు.

"మా మేస్త్రికి మనసు మెత్తబడిపోనాది," అన్నాడు అందరితో. "బావ మీద జాలితో నింద తన మీదేసుకుంటన్నాడు. ఎవుడు సేత్తాడు ఇలగ ఈ రోజుల్లో?"

"జాలి కాదు మావా, నిజం. ఫ్యాను నేనే..."

"ఊరుకో మేస్త్రీ. నాను అక్కడే ఉన్నాను కదా. ఆ ఉప్పు నా కళ్ళతో సూసేను. నువ్వు ఫ్యాను తిరగేసి పెట్టడమేటి? నీ సేతి పని మాకు తెలీదా?"

బడ్డీవాడు నా టీకి డబ్బులు తీసుకోలేదు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, ఇలాంటి స్నేహం చూడలేదన్నాడు. నేను ఎంత గట్టిగా కాదంటే వాళ్ళకి అంత పెద్దవాణ్ణి అయిపోయాను. అతను పక్కన నిలబడి ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నాడు.

బయటికి వచ్చాక నేను తల ఎత్తలేకపోయాను.

"సూసేవు కదా," అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు ఒక్క ఏలు సూపించేవు, నమ్మీసేరు. ఇప్పుడు ఇంత సెప్పేవు, నమ్మరు."

"ఏటి సెయ్యమంటావు బావా?"

అతను జెట్టీ వైపు నడిచాడు. వల దగ్గరికి వెళ్ళి కూర్చుని, దారం చివర పళ్ళతో కొరికి, ముడి వేసుకుంటూ అన్నాడు.

"ఆ కత ఎన్నేళ్ళు సెప్పేవు? ఇదీ అన్నేళ్ళు సెప్పు."